పద్నాలుగు క్రేట్లు

దాని పేరు ఆక్.
ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టినారంట.
కాటా కాడ డిల్లీబాబుకు మాత్రం అది ఆకు.
"అక్కా, ఆకు లేచిందా?" అంటాడు పొద్దున్నే,
టిఫినైందా అని అడిగినట్టు.

చిత్తూరు నుంచి తవణంపల్లె పోయే దోవలో
మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
జూన్ వస్తే గేటు బయట రెండు కిలోమీటర్ల ట్రాక్టర్లు,
ట్రాక్టర్ల కింద నిద్రపోయే మనుషులు,
ఎండకు పులిసిన బెంగుళూరా వాసన.
లోపల నేను, ఒక పాత కంప్యూటర్,
ఏకాంబరం సారు రిటైరయ్యే ముందు రాసిపెట్టిన
నలభై ఒక్క వరుసలు.

కాటా మాదిరే ఇదీ.
బండొకటి ఎక్కుతుంది, తూకం, దిగిపోతుంది, ఇంకొకటి.
పోయినదాన్ని గుర్తుపెట్టుకోమని చెబితే తప్ప
పెట్టుకోదు.

"దీనికి ముందుగా ఏమీ చెప్పబళ్ళేదు తల్లీ" అన్నాడు సారు.
నిజమే.
ఎవరూ విలువ ఇవ్వని పేరును పిలిచినా కోపగించుకోదు.
కూడితే సున్నా అంటుంది,
అతికిస్తే ఖాళీ అంటుంది,
అడిగేవాళ్ళ మొహం చూసి జవాబు చెప్పే
మా మేనేజరు మాదిరి.

రెండు మాటలు అతకాలంటే గుర్తేమీ లేదు.
పక్కపక్కన పెడితే చాలు.
సంధి లేదు, ఆగమం లేదు,
ఉత్తుకు అచ్చు పరమైతే అని ఎవరూ వల్లించరు.
మధ్యలో ఖాళీ కావాలంటే మాత్రం
ఖాళీని కూడా కొటేషన్లలో పొట్లం కట్టి చేతికివ్వాలి.

ఆ ఖాళీతోనే చిక్కంతా.
గేటు కాడ కుర్రోడు ఒక రాత్రి
మునిరత్నం అని కొట్టాల్సింది
ముని అని ఆగి, రత్నం అన్నాడు.
అంతే. ఊరు బరువు గడిలోకి జరిగింది.
పూతలపట్టు ఎన్ని కిలోలు?
ఆకు ఆలోచించలేదు. సున్నా.
ఏడు టన్నుల కాయ తోలిన మనిషి
సున్నా చీటీ పట్టుకోని నా కిటికీ ముందర నిలబడినాడు.
అరవలేదు. అరిచుంటే బాగుండేది.

ఇంకోరోజు అదే కుర్రోడు
బరువు పక్కన టన్నుకు ఒక 'ట' తగిలించినాడు, చక్కగా ఉంటుందని.
అక్షరం తగిలితే అంకె ఇంక అంకె కాదు దానికి.
10ట, 9ట.
మొదటి గీతలు రెండూ పక్కన పెట్టి చూసింది,
ఒకటి, తొమ్మిది. తొమ్మిదే గెలిచింది.
ఆ పొద్దు బోర్డు మీద వరదయ్య ఫస్టు.
ఆయన ఇప్పటికీ నమ్ముతాడు.

ఇవన్నీ సర్దుకున్నా.
చెంగల్రాయులు ఒక్కడే సర్దుబాటు కాలేదు.

ప్రతి రాత్రీ లిస్టులో ఎక్కడో ఒకచోట
(వరుస దానిష్టం, ముందొచ్చినోళ్ళు ముందుండరు)
చెంగల్రాయులు.
పక్కన సున్నా.
ఆరేళ్ళుగా ఆయన కాయ తోల్లేదు.
కిలో మూడు రూపాయలకు పడిన ఏడు
ఎనభై చెట్లు కొట్టించి కట్టెల డిపోకు ఎత్తేసినాడు.
మరి ఎవరు రాస్తా ఉండారు ఈ పేరు?

ముప్పై మూడో వరుసలో దొరికింది.
మా ఖాళీ క్రేట్లు పద్నాలుగు ఆయన కాడ ఉండిపోయినాయి.
చెంగల్రాయులు కాయ వేసినాడేమో చూడు,
వేసుంటే పట్టుకో, అని సారు రాసిపెట్టినాడు.
ఈ భాషలో 'ఆయన లెక్కెంత?' అని అడిగితే చాలు,
లేని మనిషికి ఒక గది కట్టి, తలుపు తీసి,
లోపల ఎవరూ లేరని చెబుతుంది.
గది అట్టే ఉండిపోతుంది.
'లోపల ఉండాడా?' అని అడగాలంట.
దానికి వేరే మాట ఉంది.

నిన్న రాత్రి ఆ మాట మార్చినా.
మొత్తం ఒక్క గ్రాము కదల్లేదు.
కాగితం ఒక వరుస పొట్టిదయింది.

పొద్దున డిల్లీబాబు లిస్టు పట్టుకోని
పైకీ కిందికీ రెండు మాట్లు చూసినాడు.
"అక్కా, పద్నాలుగు క్రేట్లాయన యాడ?"
"లేడు" అన్నా.
"అడిగినావా?"