అర టిక్కెట్టు

ఆచంట బస్సు దిగేసరికి
నర్సాపురం స్టాండులో అల్లుడు నిలబడున్నాడు.
"ఆయ్, అత్తయ్యగారూ, సంచి ఇలా ఇవ్వండి."
సంచిలో తేగల కట్ట, కొబ్బరినూనె సీసా,
సగం అల్లిన లేసు.
దారపుండ మాత్రం ఇవ్వలేదు, నా చేతిలోనే ఉంచుకున్నాను.

మా సువార్తకి రెండో శనివారం కూడా డ్యూటీయే, రొయ్యల ప్లాంటులో.
తెల్లటోపీ, తెల్లగ్లౌజులు, ఎముకలు కొరికే చల్లగది.
"పిల్లల్ని చూసుకోమ్మా" అంది
చెప్పులేసుకుంటూ, నా మొహం చూడకుండా.

కెజియాకి పదేళ్లు, దానికి అన్నీ తెలుసు.
హనోకుకి ఆరు, వాడికి ఒక్కటే కావాలి:
పంటు ఎక్కాలి.

మాధవాయిపాలెం రేవులో
మోటారుసైకిళ్ల వెనక మోటారుసైకిళ్లు,
అరటిగెలల వ్యాను, దాని మీద నిద్రపోతున్న కుర్రాడు.
టిక్కెట్టు కిటికీ ముందు వంగి
వాడి చెవిలో చెప్పాను: "అడిగితే ఐదని చెప్పు నాయనా."
నా పాపం నాదే.
నలభై రెండేళ్లు గజానికింతని అల్లిన చెయ్యి
రూపాయి దగ్గర ఆగి ఆలోచిస్తుంది.

టిక్కెట్టబ్బాయి అడగనే లేదు.
వీడే మునివేళ్ల మీద లేచి
"నాకు ఆరు నిండాయండీ!" అని అరిచాడు.
బళ్లమీదున్నోళ్లంతా ఒకటే నవ్వు.
అబద్ధమాడకూడదని ఆదివారం బళ్లో వాళ్లమ్మకి నేర్పించింది నేనే,
అది వీడిదాకా వచ్చి నా మీదే పడింది.
నోరుమూసుకుని అర టిక్కెట్టు తీసుకున్నాను.

నడిగోదాట్లో ఇంజను దడదడలాడుతుంటే
కెజియా అడిగింది:
"అమ్మమ్మా, నువ్వల్లిన లేసంతా కలిపి కడితే
అవతలొడ్డుకి అందుద్దా?"

ఇన్నేళ్లలో ఎవరూ అడగని లెక్క.
షావుకారు వంకపెట్టి తిప్పికొట్టినవి తీసేసి,
ఎలకలు కొట్టినవి తీసేసి,
సువార్త కడుపులో ఉన్నప్పుడు అల్లలేని మూణ్ణెల్లు తీసేసి,
వేళ్లమీద నిజంగానే లెక్కేశాను.
"అందుద్దే. అందాక మళ్లీ ఇటొచ్చి, అటెళ్లి,
ఇంకా మిగుల్తుంది."
"అయితే వంతెన నువ్వే కట్టేసేదానివిగా!"
ఏం చెప్పను? గాలికి కళ్లు నీళ్లు తిరిగాయన్నాను.

అంతర్వేది గోపురం కనపడగానే
ఆటో అబ్బాయి చెయ్యి గుండెకి ఆనించుకున్నాడు.
నేనూ తల వంచాను.
మన దేవుడు కాకపోయినా, ఊరికి పెద్దాయన.

గోదారి సముద్రంలో కలిసేచోట
బురదరంగు ఒకవైపు, నీలం ఒకవైపు.
"గోదారి ఎక్కడ అయిపోయింది?" అన్నాడు హనోకు.
"అదిగో గీత" అంది కెజియా.
"గీత కదులుతోంది కదా మరి!"
దారం మార్చినచోట ముడి కనపడకూడదు, అదే పనితనం.
ఇక్కడ కనపడుతోంది.
దేవుడికీ ఆరోజు షావుకారు తొందరేమో.

అంతలో ఓ అల వచ్చి
వాడి ఎడంకాలి చెప్పు పట్టుకుపోయింది.
ఏడవలేదు. చెయ్యి ఊపాడు దానికి.
నేనే పరిగెత్తాను, చీర కుచ్చిళ్లు తడిసి బరువెక్కేదాకా,
అరవై నాలుగేళ్లకి మొదటిసారి
మోకాళ్లలోతు ఉప్పునీళ్లలో.
చెప్పు దొరకలేదు.
వెంటనే బయటికి రావాలనీ అనిపించలేదు.

రాత్రి సువార్త వచ్చి
మూడుసార్లు సబ్బేసి చేతులు కడుక్కుంది,
వాసన పోలేదు.
గుమ్మంలో ఒంటిచెప్పు చూసింది.
తిడుతుందనుకున్నాను.
"సముద్రం బాగుందా అమ్మా?" అంది.

పదేళ్లప్పుడు అదీ అడిగేది, తీసుకెళ్లమని.
ఈ గజం అయ్యాక, అనేదాన్ని.
గజం అయ్యేది. ఇంకో గజం మొదలయ్యేది.

"వచ్చే నెల సెలవు పెట్టు" అన్నాను.
"ఇవ్వరమ్మా."
"అడుగు ముందు."

అది మాట్లాడలేదు.
చెప్పులో ఇసక దులిపి, పారెయ్యకుండా
గోడవారన పెట్టింది.
హనోకు నిద్రలో ఉన్నాడు,
గుప్పిట్లో నలిగిపోయిన టిక్కెట్టు,
విప్పుదామంటే వదల్లేదు.