దగ్గు

పొద్దున పదకొండుకి నేను, సాయంత్రం అయిదుకి ఆయన.
ఒక్కరికే లోపలికి. పది నిమిషాలు.
పిల్లల ఐసీయూ తలుపు దగ్గర కొక్కేనికి ఆకుపచ్చ గౌను,
నేను విప్పిన వెచ్చదనం ఆరకముందే
ఇంకో తల్లి తొడుక్కుంటుంది.

మొదటి రోజు ఆయన్ని ఆపేశారు.
మిర్చి యార్డు నుంచి అటే వచ్చాడు,
చొక్కా మడతల్లో, చెవుల వెనక, కనుబొమల్లో
ఎర్రటి పొడి.
సిస్టరు రెండుసార్లు తుమ్మి
"ఈ ఘాటుతో లోపలికా బాబూ" అంది.
తిట్టలేదు. తిట్టినా బాగుండేది.
పెద్దాసుపత్రి వెనక పంపు కింద
బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంటూ
ఏసోబు ఏడవడం చూశాను.
అడిగితే కారం అన్నాడు.
పన్నెండేళ్లుగా మా ఇంట్లో ఎవరు ఏడ్చినా కారమే.

చుట్టుగుంటలో అందరం దగ్గుతాం.
టిక్కీ దించేవాడు దగ్గుతాడు,
కాటా వేసేవాడు దగ్గుతాడు,
కోల్డ్ స్టోరేజీ నీడలో తొడిమలు తీసే మేం
మాటకీ మాటకీ మధ్య దగ్గుతాం.
దగ్గుని బట్టే ఎవరొస్తున్నారో చెప్పేది నిస్సీ.
మంచం మీంచి లేవకుండానే "నాన్న" అనేది,
సందు మలుపులో ఇంకా మనిషి కనపడకముందే.
అది దగ్గితే మటుకు కసిరేదాన్ని,
గొంతు చించుకోకు, పడుకోమని.

డాక్టరమ్మ చిన్నపిల్లే,
కళ్ల కింద నిద్రలేని నలుపు.
"మెదడు జ్వరం అమ్మా. ఊపిరి మిషను తీస్తోంది.
గొట్టంలోంచి కళ్లె లాగేటప్పుడు పాప దగ్గాలి.
దగ్గడం లేదు. దగ్గితే చెప్తాను."

దగ్గితే.
ఆ మాట కొంగున ముడేసుకుని మెట్లు దిగాను.

మెట్ల కింద మా చాప, పక్కన తెనాలి వాళ్ల చాప,
అవతల మాచర్ల నుంచొచ్చిన సైదాబీ.
ఆమె మనవడు నిస్సీ పక్క మంచం.
ఫ్లాస్కు ఒకరిది, గ్లాసులు ఒకరివి.
ఎవరి పేరు పిలిచినా అందరం లేస్తాం.
ఒక రాత్రి తెనాలి వాళ్ల పేరు పిలిచారు.
తెల్లారేసరికి చాప లేదు.
జాగా ఇరుకే అయినా
సాయంత్రం దాకా అక్కడ ఎవరూ కాలు చాపలేదు.

మేమిద్దరం అబద్ధాలు నేర్చుకున్నాం.
"చెయ్యి వెచ్చగా ఉంది" అంటాను నేను.
"రంగు తేలింది" అంటాడు సాయంత్రం ఆయన.
ఇడ్లీ పొట్లం విప్పుకుని
ఇద్దరం నమ్మినట్టే తింటాం.
కారప్పొడి జోలికి పోడు ఈమధ్య.
తిన్నాక కడుక్కున్న చేతుల్ని
ఎవరూ చూడకుండా వాసన చూసుకుంటాడు.

పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు.
సైదాబీ దర్గా దారం తన మణికట్టు నుంచి విప్పిచ్చింది.
రెంటినీ వద్దనలేదు.
ఆయుష్షు అడగడానికి నాకు నోరు రాలేదు,
అంత పెద్దది ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు.
ప్రభువా, ఒక్క దగ్గు.
పొడి దగ్గయినా సరే.

తొమ్మిదో రోజు. నా పది నిమిషాలు.
సిస్టరు సన్న గొట్టం లోపలికి పంపుతూ
"పక్కకి చూడమ్మా" అంది.
చూడలేదు.
దుప్పట్లోంచి నిస్సీ బొటనవేలు,
క్రిస్మస్‌కి నేనేసిన గోళ్లరంగు సగం ఊడి,
కదిలిందనుకున్నాను, కాదేమో అనుకున్నాను.
అప్పుడు పక్కటెముకలు ఒక్కసారి లోపలికి లాక్కుపోయి
భుజాలు లేచాయి.
చప్పుడు లేదు. గొట్టమున్న గొంతుకి చప్పుడుండదట.
మిషను మాత్రం కూసింది
ఎవరో తన పని లాక్కున్నట్టు.
డాక్టరమ్మ ఏదో రాసుకుని
"చూద్దాం" అంది. అంతే అంది.

మెట్ల కింద ఆయన
తెల్లారే స్నానం చేసి, తల దువ్వుకుని,
చేతులు ఎక్కడా తగలకుండా మోకాళ్ల మీద పెట్టుకుని
అయిదు గంటల కోసం కూర్చున్నాడు.
నిజం ఎలా మొదలెట్టాలో మర్చిపోయాను.
ఇన్ని అబద్ధాల తర్వాత నమ్ముతాడో లేదో.
ఎదురుగా నిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టకుండా
దగ్గాను.
నా దగ్గు కాదు, దానిది.
చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం ఎగరేసి.

ఏసోబు చూస్తున్నాడు.
సైదాబీ గ్లాసు కింద పెట్టింది.
"మళ్లీ చెయ్యి" అన్నాడు.