రిమార్కుల గడి

ఆదోని బ్రాంచి పాత రికార్డు గదిలో
చెదలు తినంగా మిగిలిన లెడ్జర్లు నలభై.
తగలబెట్టే లోపల జాబితా రాయడం నా పని.

ఒకదాంట్లో ఫెర్రియర్ దొర చేతిరాత.
స్కాట్లండులో బ్యాంకు గుమాస్తా,
ఇక్కడ పత్తి మీద అప్పులిచ్చే ఏజెంటు,
ఆనక యాడిదో దీవికి గవర్నరంట.
ఓడ దిగేటప్పుడు ఫిరంగులు పేల్చినారంట.

అవన్నీ ఇందులో లేవు.
ఇందులో ఉండేది పదకొండో పేజీ:
దూదేకుల నన్నేసాబు, పెద్దతుంబళం.
అప్పు పద్దెనిమిది రూపాయలు.
తాకట్టు, వెండి కడియాలు జత.
వడ్డీ గళ్లు మూడేండ్లు ఖాళీ.
రిమార్కుల గడిలో మాత్రం
ఇంగ్లీషు మధ్యన వంకర టింకర తెలుగు:
"వాన ల్యా."

లేదు కాదు. ల్యా.
ఏ పంతులూ నేర్పిన మాట కాదది.
జిన్నింగు మిల్లు గేటు కాడ
తలగుడ్డ చేతికి తీసుకొని ఎవరో చెప్పింటారు,
విన్నది విన్నట్టు రాసుకున్నాడు.
అదే మాటకు ఆరో తరగతిలో
నాకు రెండు బెత్తం దెబ్బలు.

కాసేపు ఆ దొర మీద ప్రేమ పుట్టింది,
అబద్ధమెందుకు.

పేజీ తిప్పినా.
కడియాలు వేలం, పదిహేడున్నర.
కింద అదే చెయ్యి, ఈసారి వంకర లేకుండా:
బాకీ ఎనిమిది అణాలు.

గవర్నరు కాబోయేవాడు
అర్ధ రూపాయి మరుస్తాడా.

సాయంత్రం మేనేజరు లెక్కబెట్టినాడు.
ముప్పై తొమ్మిదే ఉండాయే, ఇంగోటేదీ?

సంచి చంకకు అదుముకొని
"ల్యా సార్" అన్నా.