డిప్పు

తుఫాను పడగొట్టిన కరెంటు స్తంభాలు
ఇంకా చేలల్లోనే పడుకునున్నాయి, ఆ ఏడు.
నా అంబాసిడర్‌కి కళ్ళు రెండూ పసుప్పచ్చగా,
కామెర్లొచ్చినట్టు.
ఆరేడు బారల అవతల రోడ్డుందో కాలవుందో
నేనే ఊహించుకోవాలి.

ఓ రాత్రి పురిటినొప్పుల మనిషిని రాజోలు తీసుకెళ్తూ
గట్టు మీద గేదెని
గేదె అని తెలుసుకునేసరికి
బంపరు దాని డొక్కకి ఆనింది.
అది లేవలేదు. తల తిప్పి చూసిందంతే,
ఎవర్రా నువ్వు అన్నట్టు.

మర్నాడే తాటిపాక సెంటర్లో
మీరావలి కొట్టు ముందు ఆపాను.
"సీల్డ్ బీములు పీకేసి హాలోజన్ కిట్టు వేద్దామండి."
అట్టపెట్టెలో రెండు గాజు గిన్నెలు,
దూదిలో చుట్టిన బల్బులు.
"వేలు తగలనివ్వకండి, చెమట మచ్చ పడితే
ఆ మచ్చ దగ్గరే పేలిపోద్ది."
పసిబిడ్డకి చెవులు కుట్టేవాడిలా
ఊపిరి బిగబట్టి తొడిగాడు.

పాత వైరింగుని నమ్మలేదతను.
"ఈ సన్న తీగ మీద వంద వాట్లు లాగితే
స్విచ్చి కరిగి మీ ఒళ్ళో పడుద్ది."
బ్యాటరీ నించి లావుపాటి ఎర్రతీగ,
మధ్యలో ఫ్యూజు, పక్కన రిలే.
రిలే అంటే ఏవిటయ్యా?
"కరణం కన్నెత్తితే తలారి కర్రెత్తడం లేదా? అదేనండి."

ఎర్తు బిగించేచోట ఉప్పుగాలి తినేసింది.
ఉప్పుకాగితంతో రుద్దాడు, తళుక్కుమనేదాకా.
"లైటు ఎదర ఉంటదనుకుంటారండి అందరూ.
సగం లైటు ఇక్కడుంటది."

చీకటి పడ్డాక
కొబ్బరిపీచు గోడౌను గోడకి పాతిక అడుగుల్లో
కారు నిలబెట్టి, సుద్దతో గీత గీశాడు.
స్క్రూ తిప్పుతుంటే రెండు వెలుగు ముద్దలు
గోడ మీద దిగుతూ గీత కింద కూచున్నాయి.
"కాస్త పైకి పెట్టు, దూరం కనపడాలి," అన్నాను నేనే.
"ఎదరోళ్ళ కళ్ళల్లో పడుద్దండి."
"పెట్టవయ్యా."
పెట్టాడు. డబ్బు లెక్కపెట్టుకోకుండానే జేబులో వేసుకున్నాడు.

ఇంటికొస్తుంటే, చెప్పొద్దూ, రాజాలా ఉంది.
కాలవలో గుర్రపుడెక్క పూలు ఒక్కోటీ విడిగా కనపడ్డాయి.
తూము మీద కప్ప గొంతు ఊగడం కనపడింది.

అప్పుడు, మలుపులో,
గట్టు వారన ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు
ఆడవాళ్ళు.
చేతుల్లో చెంబులు. మొహాలు అటు తిప్పుకుని.
ఎనిమిది మందో, తొమ్మిది మందో.
ఓ ముసలామె మోకాలు పట్టుకుని సగంలో ఆగిపోయింది.
వాళ్ళక్కడుంటారని నాకు తెలీదా? తెలుసు.
పాత లైటు వాళ్ళని చేరేసరికి నేనూ చేరేవాణ్ణి.
ఓ క్షణం లేచి, కూచునేవాళ్ళు.
ఇవాళ ఫర్లాంగు ముందే లేపేశాను.
దాటేదాకా నిలబెట్టాను.
చివర్న ఉన్నామె చీర వంకాయరంగు,
అంచు దగ్గర నా బీడీ కాల్చిన చిల్లు.

మంగతాయి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ
గోడకి చెప్పినట్టు చెప్పింది:
"ఎవడో కొత్త లైట్లోడు.
వాడి దుంపతెగ, సూర్యుణ్ణి కారు మూతికి కట్టుకొచ్చాడు."
కారు వాకిట్లోనే ఉంది,
అద్దాలు ఇంకా చల్లారలేదు.
అన్నం పెట్టింది. చేప ముల్లు తీసి కూడా పెట్టింది.

పొద్దున్నే వెళ్తే మీరావలి ఏవీ అడగలేదు.
పాత గీత కింద బెత్తెడు దిగువన
ఇంకో గీత గీశాడు.

ఆ మలుపు రాగానే ఎడంకాలు
డిప్పు స్విచ్చి తొక్కేది, నా ప్రమేయం లేకుండా.
ఇప్పుడు గట్టు మీద సిమెంటు రోడ్డు,
ఇంటింటికీ దొడ్లు,
నాకు వేరే కారు. డిప్పు స్టీరింగు పక్కనుంది, వేలితో ఎత్తితే చాలు.
అయినా అక్కడికొచ్చేసరికి
కాలు తొక్కుతుంది,
ఉత్త రబ్బరు పట్టాని.