రెండు వేళ్లు

నెమెగ్ట్ కొండల కింద ఎర్రమట్టి కోసుకుపోయిన చోట
తప్పిపోయిన ఒంటె కోసం వెళ్లి
మా నాన్న నీ దవడ మీద కూర్చున్నాడు.
రాయి అనుకున్నాడు.
బూట్లలో ఇసుక దులుపుకుని, ముక్కుపొడి పీల్చి,
లేవబోతూ చెయ్యి ఆన్చితే
కొడవలి కక్కులా ఏదో గీరుకుందట.
ఆ చేతికి ఉన్నవే రెండు వేళ్లు.
మిగతా మూడూ నేను పుట్టకముందే
ఒక మంచు రాత్రి మందను వెతుకుతూ
ఎక్కడో వదిలేసి వచ్చాడు.

లారీలో వచ్చినవాళ్లు తర్వాత చెప్పారు నీ పేరు,
తార్బోసారస్.
భయపెట్టే బల్లి అని అర్థమట.
మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.
మా గుడారంలో బల్లి
తమ్ముడి టోపీలో పడుకుంటుంది మరి.

ఇక్కడ ఏరు పారేదట!
బావిలోకి బొక్కెన వదిలి
అడుగున నీటి చప్పుడు వినబడే దాకా
ఊపిరి బిగబట్టేవాళ్లం మేం,
మాతోనా చెప్పడం?
అయినా రాత్రి కళ్లు మూసుకుంటే
వచ్చేది ఏరు.
బురద, పొడుగాటి చెట్ల నీడ,
ఒడ్డున బాతుమూతి జంతువుల మంద.
నీ చూపు అంతంతే.
గాలి నీకు అన్నీ మోసుకొచ్చేది:
కుంటిదాని చీము వాసన,
ఈనిన తల్లి పచ్చి వాసన,
నిన్న చచ్చినదాని తీపి కంపు.
చచ్చినదాన్నీ వదల్లేదు నువ్వు.
రాజువని వాళ్లంటారు గానీ
ఆకలి ఉన్నవాళ్లకి ఎంగిలేమిటి?

పిల్లప్పుడు నీ దవడ పలచన.
అమ్మ విరిచే ఎముక నువ్వు కొరికితే
నీ మూతే విరిగేది.
అందుకే తొండలూ కప్పలూ పట్టుకుంటూ
ఆమె కాలికి అడ్డం రాకుండా పెరిగావు.
పెరిగాక ఏనుగంత తూగావు,
చేతులు మాత్రం అక్కడే ఆగిపోయాయి.
నోరు తుడుచుకోడానికైనా అందవు.
చేతికి రెండేసి వేళ్లు.

ఆ ఏడు మళ్లీ మంచు గడ్డకట్టింది.
మేకలు నిలబడ్డవి నిలబడ్డట్టే చచ్చిపోయేవి,
తెల్లారి తోస్తే బల్లల్లా పడేవి.
పట్నం నుంచి ఒకడొచ్చాడు, మంచి బూట్లు,
పన్నుకి రెండు బస్తాల తవుడు అన్నాడు.
నాన్న సుత్తి తీశాడు.
టార్చి పట్టుకున్నది నేనే.
పదకొండు పళ్లు.
ఒక్కటి ముక్కలైతే
దానికి సగం బస్తానే ఇచ్చాడు.
నలభై మేకలు బతికాయి.
వాటి పాలు తాగే నేను ఇంత పొడుగయ్యాను,
నీకు చెప్పుకోవాలి కదా.

వేసవిలో లారీ వచ్చింది.
ఒయున్దారి అనే అమ్మాయి
బ్రష్షుతో నీ చిగుళ్లు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.
ఖాళీ గుంతల్లో వేలు పెట్టి లెక్కపెట్టింది.
మేం ఉప్పు టీ పోశాం.
ఎవరు తీశారని ఆమె అడగలేదు,
కప్పు వంక చూస్తూ చెప్పింది:
బతికినన్నాళ్లూ దీనికి పన్ను ఊడితే
ఇంకోటి మొలిచేది అని.
నాన్న ఆ మాట పట్టుకున్నాడు.
"మళ్లీ వస్తాయంటగా," అనేవాడు,
పిడకలు ఎగదోస్తూ, ఎవరూ ఏమీ అనకుండానే,
చలికాలమంతా.

నిన్ను తెల్లటి పిండిలో చుట్టి తీసుకుపోయారు.
వెళ్లేముందు ఒయున్దారి అంది,
అంత చిన్న చేతులతో ఏం చేసేదో
ఇప్పటికీ అంతుపట్టలేదట, పెద్ద పెద్ద వాళ్లకే.

ఆ పొద్దు నాన్న
కొత్తగా పుట్టిన మేకపిల్ల మెడకి
తాడు వేస్తున్నాడు.
చూపుడు వేలు కింద నుంచి,
బొటనవేలు పై నుంచి,
పిల్ల బెదరకముందే ముడి పడిపోయింది.

నన్నెవరూ అడగలేదు.