ఎన్నో పొర దగ్గర ఆపాలి

ఈ గోడ మందం మూరన్నర.
కొలిచి చెప్పడం లేదు.
కిటికీ గూట్లో నేనూ జబీవుల్లా
మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే
ఎక్కాల అయ్యవారికి కనపడేవాళ్లం కాదు.

ఇప్పుడు మా బడి మ్యూజియం.
నా చేతిలో గీకుడు రేకు,
రోజుకు ఏడు వందలు, రెండు పూటలా టీ.
"అసలు గోడ వచ్చేదాకా గీకు మద్దిలేటీ"
అంటాడు ఇంజనీరు సారు.

గీకుతాండా.
మొదట సర్కారు పసుపు.
దాని కింద నీలం,
ఎవరో మంత్రి వస్తాడని రాత్రికి రాత్రి పూసింది.
దాని కింద, నా తలకు జానెడు పైన
బురద గీత.

తుంగభద్ర లోపలికొచ్చి నిలబడిన ఎత్తు అది.
గాంధీ జయంతి సెలవు రోజు.
మిద్దె మీద వంద మందికి పైనే, మూడు మేకలు.
కింద చీకట్లో బెంచీలు తేలి
ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు,
గంట కొట్టినాక పిల్లోళ్లు ఉరికినట్టు,
తెల్లార్లూ.
మిద్దె కదల్లేదు.
టేకు దూలాల మీద నిలువునా పేర్చిన సన్న ఇటుక,
కరక్కాయ నీళ్లు, బెల్లం, గానుగ సున్నం.
పేర్చినోడి పేరు ఏ బోర్డులోనూ లేదు.
ఆ రాత్రి వాని చేతి మీదే పండుకున్నాం అందరం.

"మరక. ఇంకా లోపలికి పో" అన్నాడు సారు.

లోపల తెలుపు, తెలుపు, తెలుపు.
ఎన్ని దసరా సెలవులో లెక్క తప్పినా.
రెండు తెలుపుల నడుమ, మోకాలి ఎత్తున
బొగ్గుతో మూడు నిలువు గీతలు.
మా వికెట్లు!
జబీవుల్లా బంతి నడిమి గీతకే తగిలింది,
తగల్లేదని కొట్లాడింది నేను.
ఆదోనిలో పత్తి తూకం వేస్తాంటాడు వాడు.
ఫోన్ చేసి చెప్పినా:
"రేయ్, ఔటే."
చానాసేపు మాట్లాడలేదు.

సారు దాన్నీ కాదన్నాడు.

ఆఖరికి వచ్చింది అసలు గోడ.
కోడిగుడ్డు పెంకు మాదిరి నున్నగా, సల్లగా.
బాగుంది. అబద్ధమెందుకు,
అరచేయి ఆనిస్తే తీయబుద్ధి కాలేదు.
కానీ దానికి మేమెవరమూ తెలీదు.

రేపు ప్రారంభోత్సవం.
పెద్ద తలుపు రెక్క వెనకాల
జానెడు వెడల్పు పట్టీ గీకకుండా వదిలేసినా,
పై నుంచి కింది దాకా,
పసుపు పసుపుగానే.
పగలంతా తలుపు బార్లా తెరిచి పెడతారంట,
ఎవరికీ కనపడదు.

సాయంత్రం టికెట్లు అయిపోయి
వాచ్‌మన్ రెక్క మూస్తాడు కదా,
అప్పుడు.