అనుభవదారు కాలమ్

పరకాల తహసీల్ ఆఫీసు ముంగట
రేకుల కింద నా బల్ల.
ముప్పై ఒక్క ఏండ్ల సంది
మందిగోస నా చేతిరాతల పోతాంది లోపలికి.

మొన్న సోమవారం, పొద్దుగాల తొమ్మిదింబావు,
హన్మకొండ బస్సుల
కిటికీ దిక్కు చూసుకుంటనే
నా బిడ్డ వినీల కట్టెలెక్క బిగుసుకపోయింది.
కండక్టరు తాళాలగుత్తి తెచ్చి పిడికిట్ల పెట్టిండు.
చెప్పు వాసన చూపియ్యిమని ఎనకనుంచి ఎవలో.
గుత్తి వాపసిచ్చి
బిడ్డను పక్కకు ఒరగవెట్టి
గడియారం చూసుకుంట కూసున్న.
రెండు నిమిషాల నలభై సెకండ్లు.
జేబుల నోటుబుక్కుల రాసుకున్న: పదకొండోది.

లేసినంక అడిగిన మొదటి మాట
"నా టిఫిన్ డబ్బ ఏది బాపూ?"

కాకతీయ యూనివర్సిటీల చదువుతది తను,
గీ రోగం లోపలి సంగతే.
రాత్రి అన్నం కాడ చెప్పింది జీన్ల గురించి.
జీన్స్ అంటే నాకు ప్యాంటే తెల్సు.
నవ్వి, పల్లెంల మెతుకులు జరిపి చూపెట్టింది.
అక్షరం మారదట.
పుట్టినప్పుడు రాసిన రాతే.
మెరుపు కొట్టిపోయినంక మాత్రం
ఏ పేజీ తెరుసుకోవాలె, ఏది మూసుకోవాలె
అన్న లెక్క తారుమారైతదట.
కొన్ని నిమిషాలల్లనే లేస్తయట,
లేసి ఇంకో కొన్నిటిని తట్టి లేపుతయట,
మనిషి లేసి టిఫిన్ డబ్బ ఎతుక్కున్నంక గూడ
లోపల గంటలకొద్ది, దినాలకొద్ది.

"పహాణీ లెక్కనా బిడ్డా?" అన్న.
పట్టాదారు కాలమ్‌ల తాత పేరే ఉంటది,
సర్వే నంబరు అదే, గుంటలు అవ్వే.
పక్క కాలమ్‌లనే
ఏ యేడు ఎవలు దున్నిండ్రో ఆ పేరు.
చెయ్యి కడుగవోయేది ఆగింది.
"గంతే బాపూ. మా సార్ కన్న మంచిగ చెప్పినవ్."

గీదంత ఎట్ల తెలిసిందన్న.
ఎలుకలల్ల చూసిండ్రట.
మనుషులదైతే ఆపరేషన్ల కోసి తీసిన ముక్కలల్ల.
నేను మజ్జిగ పోసుకున్న.

ఒక్కపారి దున్నినోడు
మల్ల అదే సాలుకు వస్తడా అని అడిగిన,
అడగొద్దనుకుంటనే.
కొన్ని మంట ఆర్పనీకి లేస్తయట,
కొన్ని ఇంకింత రాజేస్తయట,
ఏది ఏందో ఇంకా తేలలేదట.
"తేల్చాలె" అన్నది, చెయ్యి తుడుసుకుంట.

నడికూడ మొగిలయ్య వచ్చిండు నిన్న.
కంప్యూటర్ల అనుభవదారు కాలమే లేదంటే
కాయితం తిప్పి తిప్పి చూసిండు.
నలభై యేండ్లు దున్నిన, నేనేడున్న ఇండ్ల?
దరఖాస్తు రాసిచ్చిన. పైసలు తీసుకోలే.

ఇప్పుడు పదకొండు దాటింది.
సగం గోలీలు అయిపోయిన స్ట్రిప్పు కిటికీల ఉన్నది.
బిడ్డ పండుకున్నది, చెయ్యి చెంప కింద,
చూస్తె ఏం కానట్టే.
నోటుబుక్కు తీసిన:
తారీకు, టైము, ఎంతసేపు, ఏడ.
స్కేలు పెట్టి ఇంకో గీత గీసి
పైన అనుభవదారు అని రాసిన.
కింద ఏం రాయాల్నో తెల్వక
శానసేపు పెన్ను పట్టుకోని కూసోని
పదకొండు వరుసలల్ల
నా బిడ్డ పేరే రాసిన.